మూత బిగించి తిప్పితే, 4వ పాఠం: ముందు గాలిని లెక్కపెట్టండి

మూత బిగించిన నీళ్ళ డ్రమ్ముని దాని నిలువు ఇరుసు చుట్టూ గిరగిరా తిప్పితే మధ్యలో నీటిమట్టం ఎక్కడుంటుంది అని పోయినసారి ఇచ్చిన లెక్కకి చాలామంది ఒకటే జవాబు పంపారు: డ్రమ్ము మధ్యలో నీటిమట్టం అడుగు రేకు కంటే 6.6 సెం.మీ. కిందికి దిగింది. అడుగు రేకు దాటి నీళ్ళు ఎక్కడికి పోతాయండీ? తప్పు నాదే, తెరిచిన పాత్ర సూత్రం మూత ఉన్నదానికి పనికిరాదని అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. అందుకే ఈసారి కొత్త పాఠం ఆపి ఇదే చూద్దాం.

ఆ డ్రమ్ము వ్యాసం 30, ఎత్తు 60, నీళ్ళు 50 సెం.మీ., పైన 10 సెం.మీ. గాలి, నిమిషానికి 300 చుట్లు. తెరిచిన పాత్ర సూత్రం, అంటే "అంచున ఎంత లేస్తే మధ్యలో అంత దిగుతుంది" అన్నది, నీళ్ళు మూతని తాకేదాకానే నిజం, ఈ డ్రమ్ములో సుమారు 126 చుట్లకే తాకేస్తాయి. ఇక లేవడానికి చోటు లేక మూత కిందే లోపలివైపుకి పాకుతాయి. నీళ్ళు నలగవు, డ్రమ్ము సాగదు, కాబట్టి గాలి ఘనపరిమాణం మారదు. ఆ గాలి ఇప్పుడు కిందికి సన్నబడే గిన్నె ఆకారంలో ఉంటుంది, అదే మూతి, అదే లోతు ఉన్న స్థూపంలో (సిలిండర్‌లో) సరిగ్గా సగం.

నేనైతే ముందు కోణీయ వేగం (సెకనుకి ఎన్ని రేడియన్లు తిరుగుతోందో, ఇక్కడ 31.4) వర్గాన్ని 19.62తో, అంటే గురుత్వ త్వరణం 9.81కి రెట్టింపుతో, భాగించి పక్కన రాసుకుంటాను. ఇక్కడ 50.3 వస్తుంది. గిన్నె లోతు అంటే 50.3 × వ్యాసార్థం వర్గం, అన్నీ మీటర్లలోనే. గాలి ఘనపరిమాణాలు సమానం చేస్తే గిన్నె మూతి వ్యాసార్థం 9.7 సెం.మీ., లోతు 47.6 సెం.మీ. అంటే మధ్యలో ఇంకా 12.4 సెం.మీ. నీళ్ళున్నాయి!

ఇప్పుడు నాకు బాగా చిరాకు తెప్పించే తప్పు. ఇదే డ్రమ్ము నిండా నీళ్ళుంటే, మూత కింద అంచున నీళ్ళు తిరగడం వల్ల వచ్చే పీడనం సుమారు 11,100 పాస్కల్స్. దాన్ని మూత వైశాల్యంతో గుణించి 785 న్యూటన్లు అని రాసేస్తారు. మూత మధ్యలో ఆ పీడనం సున్నా కదా, అంచు పీడనాన్ని మూతంతా ఎలా పరుస్తారు? వ్యాసార్థం సగం అయ్యేచోట పీడనం పావు, అంతవరకూ ఉన్న వైశాల్యమూ పావే. అంటే పీడనం వైశాల్యంతో పాటు సమానంగా పెరుగుతోంది, సున్నా నుంచి గరిష్ఠం దాకా, కాబట్టి సగటు సగం. జవాబు 392 న్యూటన్లు, మూత మీద కింది నుంచి దాదాపు 40 కిలోల తోపు. గాజువాక ఆటోనగర్‌లో పనిచేసే తమ్ముడొకరు మూతకి మధ్యలో ఒక్క బోల్టు చాలదా అని అడిగాడు. చాలదు తమ్ముడూ, పీడనమంతా అంచునే, కారేదీ అక్కడే, బోల్టులు చుట్టూ వెయ్యి.

అడుగు మీద బలం అంటే మూత మీది తోపుకి నీటి బరువు కలపడమే.

అభ్యాసం: 10 సెం.మీ. గాలి ఉన్న ఆ మొదటి డ్రమ్ములో, 300 చుట్ల దగ్గర, మూత మీద నీళ్ళు తోసే బలం ఎంత? లోపలి గాలి పీడనం కంటే ఎంత ఎక్కువో అంతే లెక్కించండి. నీళ్ళు తాకేది 9.7 నుంచి 15 సెం.మీ. దాకా ఉన్న పట్టీనే. 132 న్యూటన్ల దగ్గర రావాలి. తర్వాత, ఎన్ని చుట్లకి మధ్యలో అడుగు బయటపడుతుందో కనుక్కోండి, దీనికి జవాబు ఇవ్వను.