స్పానిష్‌లో ‘ఆ’కి రెండు మాటలు: ఎసె, అకెల్ తికమక (సమస్య - పరిష్కారం)

తెలుగులో దగ్గరున్నదానికి ‘ఈ’, లేనిదానికి ‘ఆ’. స్పానిష్‌లో మూడు: ఎస్తె, ఎసె, అకెల్. ‘ఈ’తో పేచీ లేదు, అది ఎస్తె. మన ‘ఆ’ అక్కడ రెండుగా చీలుతుంది, తప్పులు పుట్టేది అక్కడే.

సమస్య: ఎదుటివారి చేతిలోని పుస్తకాన్ని ‘అకెల్ లీబ్రో’ అనడం

కారణం: దూరాన్ని అడుగుల్లో కొలవడం. చూడాల్సింది వస్తువు ఎవరి దగ్గరుందన్నది. నా దగ్గరుంటే ఎస్తె, నీ దగ్గరుంటే ఎసె, ఇద్దరికీ దూరమైతే అకెల్. ఫోన్‌లో అవతలివారి గదిలో చప్పుడు వినబడితే, వాళ్లు వేల మైళ్ల దూరంలో ఉన్నా అది ‘ఎసె రుయీదో’నే.

పరిష్కారం: ముందు చోటు చెప్పుకోండి. అకీ (ఇక్కడ) అయితే ఎస్తె, అఈ (నీ దగ్గర) అయితే ఎసె, అయీ (అదిగో అక్కడ) అయితే అకెల్. అఈ, అయీ చెవికి ఒకేలా తగులుతాయి. రెండోదానిలో ‘య’ స్పష్టంగా పలకాలి. అప్పటికీ తేలకపోతే ఎసె వాడండి. లాటిన్ అమెరికాలో మాటల్లో చాలామంది దూరపువాటికీ ఎసెనే వాడతారు, ఎవరూ తప్పు పట్టరు.

గడిచిన కాలానికి మాత్రం అకెల్ బాగా అతుకుతుంది: ‘ఎన్ అకెయోస్ తియెంపోస్’ అంటే అచ్చంగా మన ‘ఆ రోజుల్లో’.

సమస్య: ‘ఎస్తో లీబ్రో’

కారణం: పుంలింగ పదాలు ఎక్కువగా ‘ఓ’తో ముగుస్తాయి కదా అని ఇక్కడా ‘ఓ’ పెట్టేయడం. పుంలింగ ఏకవచనం ఎస్తె; బహువచనంలోనే ‘ఓ’ వస్తుంది, ఎస్తోస్ లీబ్రోస్.

పరిష్కారం: ఎస్తో, ఎసో, అకెయో పక్కన నామవాచకం ఎప్పుడూ పెట్టకండి. పేరు తెలియని వస్తువుకీ, మొత్తం విషయానికీ మాత్రమే అవి: ‘కే ఎస్ ఎస్తో?’ (ఇదేంటి?), ‘ఎసో నో ఎస్ బెర్దాద్’ (అది నిజం కాదు).

సమస్య: లింగం తప్పడం

మన ‘ఈ’ దేని ముందైనా ‘ఈ’నే, అందుకే మార్చాలన్న ధ్యాస రాదు. స్పానిష్‌లో స్త్రీలింగ పదం ముందు అది మారుతుంది: ఎస్తా మేసా (ఈ బల్ల), ఎస్తాస్ మేసాస్; అకెయా కాసా (ఆ ఇల్లు), అకెయాస్ కాసాస్. ‘ఆ’తో ముగిసినా ప్రొబ్లేమా (సమస్య) పుంలింగం: ఎస్తె ప్రొబ్లేమా. ‘ఓ’తో ముగిసినా మానో (చెయ్యి) స్త్రీలింగం: ఎస్తా మానో. ఇక ఆగ్వా (నీళ్లు): పుంలింగ పదాల ముందు వచ్చే ‘ఎల్’ పెట్టి ‘ఎల్ ఆగ్వా’ అంటారు గానీ అది స్త్రీలింగమే, కాబట్టి ‘ఎస్తా ఆగ్వా’నే ఒప్పు. స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లే ఇక్కడ నాలుక జారుతుంటారు.

సమస్య: పాత పుస్తకంలో ఎస్తె మీద ఒత్తుగీత, కొత్తదానిలో లేదు

నామవాచకం లేకుండా ఒంటరిగా వచ్చినప్పుడు ఆ గీత పెట్టేవారు. 2010లో స్పానిష్ అకాడమీ వర్ణక్రమ నియమాల్లో అది అక్కర్లేదంది. మీరు రాసేటప్పుడు వదిలేయండి.