అడవి జంతువు ఎదురైనప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

కోతి గానీ జింక గానీ కనిపించగానే చేతిలో ఉన్నది పెట్టాలనిపించడం సహజమే అయినా, అలా అలవాటుపడిన జంతువు మనిషిని చూస్తే తిండే గుర్తుకు తెచ్చుకుంటుంది. తర్వాత ఎవరైనా ఖాళీ చేతులతో వస్తే మీదపడి సంచి లాక్కోవడానికీ, కరవడానికీ వెనుకాడదు. అందుచేత తినుబండారాలను బయటికి కనిపించకుండా పెట్టుకుని, మిగిలినవాటిని పండ్ల తొక్కలతో సహా వెనక్కి తెచ్చుకోవాలి.

దూరం విషయంలో అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనపు నియమం మంచి కొలమానం: ఎలుగుబంట్లకు, తోడేళ్లకు కనీసం 91 మీటర్లు, తక్కిన చాలా జంతువులకు 23 మీటర్లు. మీ రాకతో జంతువు మేత ఆపి తలెత్తినా, చెవులు రిక్కించినా, కాలితో నేల దువ్వినా అప్పటికే మరీ దగ్గరికి వెళ్లారన్నమాట. పరుగెత్తకుండా, దానిమీద చూపు ఉంచి మెల్లగా వెనక్కి జరగాలి. సెల్ఫీ కోసం దానికి వీపు తిప్పి నిలబడటమంత తెలివితక్కువ పని మరొకటి లేదు. ఒంటరిగా కనిపించిన పిల్లను ముట్టుకోకూడదు, తల్లి దగ్గరలోనే ఉండవచ్చు.

కరిచినా, గీరినా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, చిన్న గీతే కదా అనుకోకుండా ఆలస్యం చేయక వైద్యుణ్ని కలవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం అత్యంత అరుదు కాబట్టి టీకా అంతకుముందే పడాలి.