గడ్డపార మొన సాగగొట్టి పదును పెట్టే విధానం

గడ్డపార నేలలోకి దిగడం లేదనగానే చాలామంది గ్రైండర్ పట్టి కొసను సూదిలా అరగదీస్తారు. వరంగల్ చుట్టుపక్కల చెలకల్లో, జానెడు లోతులోనే మొరం తగిలే చోట, అటువంటి మొన ఒక్క పూటకే వంగుతుంది లేదా విరుగుతుంది. రేగడి నేలకు సన్నని మొన సరిపోతుంది గానీ, మొరానికి కొస కాస్త మొద్దుగా ఉండి, దాని వెనుక ఆరు నుంచి ఎనిమిది అంగుళాల మేర నాలుగు పలకలుగా క్రమంగా లావెక్కాలి. పోటు లోతుకు దిగడంలో కొస వాడి కంటే ఈ వాలుకే ఎక్కువ పని ఉంటుంది.

అరుగుదల కొద్దిగా ఉంటే ఆకురాయి చాలు. గ్రైండర్ తప్పనిసరైతే కళ్లద్దాలు పెట్టుకొని, మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ పట్టాలి, ఎందుకంటే మొన నీలం రంగుకు తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలి గట్టిదనం తగ్గినట్టే.

మొన బాగా మొద్దుబారితే కమ్మరి కొలిమే మార్గం. నారింజ రంగు వచ్చేదాకా కాల్చి, దాగలిపై (కమ్మరి ఇనుప దిమ్మపై) తిప్పుతూ సాగగొట్టాలి. ఎరుపు మసకబారగానే సమ్మెట ఆపి మళ్లీ కాల్చాలి. ఒకప్పుడు డమాస్కస్ కత్తులకు ఉక్కునందించిన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఉక్కులో కార్బన్ ఎక్కువ కాబట్టి, అటువంటి ఉక్కును మరీ వేడి మీద కొడితే పగులుతుంది. గడ్డపార ఉక్కు అంత సున్నితమైనది కాదు, అయినా రవ్వలు రాలేంత కాలిస్తే అదీ పాడవుతుంది.

సాగగొట్టిన మొనను మళ్లీ గట్టిపరచాలి, అసలు నేర్పు ఆ నీళ్ల దగ్గర కనిపిస్తుంది. మొనను ఎర్రగా కాల్చి, చివరి అంగుళాన్ని మాత్రమే ముంచి, నీటి అంచు దగ్గర బీట వారకుండా పైకీ కిందికీ కదపాలి. బయటకు తీసి ఇటుక ముక్కతో గబగబా రుద్దితే మెరుపు తేలి, వెనుక మిగిలిన వేడి కొసవైపు పాకుతుంటే గడ్డి రంగు, గోధుమ, ఊదా వరుసగా కనబడతాయి. కొస ఊదా దాటి నీలానికి తిరుగుతుండగా మొన మొత్తాన్ని ముంచాలి. గడ్డి రంగులోనే ముంచితే రాయి తగలగానే పెచ్చు లేస్తుంది. మెత్తని ఇనుముతో చేసిన చవక గడ్డపారలకు ఈ శ్రమ దండగ, అవి ఎన్నిసార్లు ముంచినా గట్టిపడవు.

రెండో కొసన ఉన్న ఉలి మొనకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది, అంచును మాత్రం మరికాస్త మందంగా ఉంచాలి.