పాత కారు, సొంత చెయ్యి – మూడో పాఠం: గేరు నాబ్, చక్రాల రిమ్ములు

మొదటి పాఠంలో పనిముట్లు సమకూర్చుకున్నాం. రెండో పాఠంలో జాకీ వేసి చక్రం విప్పి, మళ్ళీ బిగించడం నేర్చుకున్నాం. ఆ రెండూ ఒకసారైనా మీ చేతులతో చేసి ఉంటేనే ఈ పాఠం పనికొస్తుంది. చేయకపోతే వెనక్కి వెళ్ళి చేసి రండి, తొందరేమీ లేదు.

పాఠానికి తీసుకున్న బండి మారుతి 800. 1983లో వచ్చి 2014లో ఉత్పత్తి ఆగిపోయిన ఈ కారు బెంగళూరులో ఇంకా చాలా సెల్లార్లలో కవరు కప్పుకుని ఉంది. నాన్నగారు కొన్నదనో, మొదటి జీతంతో తీసుకున్నదనో అమ్మబుద్ధి కాక ఉంచుకున్న తెలుగు కుటుంబాలు నాకు తెలిసినవే ఎన్నో ఉన్నాయి. ఈ పాఠాలు వాళ్ళ కోసమే. మీది వేరే పాత కారైనా పద్ధతి ఇదే, కొలతలు మాత్రం మీరే తీసుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు ఒక హద్దు గీసుకుందాం. బండి బరువును మోసే భాగాన్ని, బ్రేకుకూ స్టీరింగుకూ సంబంధించిన భాగాన్ని ఇంట్లో తయారు చేయకూడదు. చేతికి తగిలేది, కంటికి కనిపించేది మాత్రం ఇంట్లోనే చేసుకోవాలి, ఎందుకంటే అంత శ్రద్ధగా బయట ఎవరూ చేసిపెట్టరు. అందుకే గేరు రాడ్డు కొసన చేత్తో పట్టుకునే గుండును, అంటే గేరు నాబ్‌ను మొత్తంగా మనమే చేస్తాం. చక్రానికి మాత్రం రంగు వరకే వెళ్తాం. రిమ్మును కోసి వెడల్పు చేయించడం, లేత్ షాపులో చక్రం వెనక పెట్టే అల్యూమినియం బిళ్ళలు (స్పేసర్లు) చేయించి చక్రాన్ని బయటికి జరపడం మాత్రం వద్దు. వెల్డింగు అతుకు ఎక్కడ అలిసిపోయి విడిపోతుందో కంటితో చూసి చెప్పలేం. అది విడిపోయే రోజు మీ పక్కన స్కూటరు మీద ఎవరో ఒకరు ఉంటారు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లో రాసి ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడే వీలుంది. నాబ్ మార్చడం, రిమ్ముకు రంగు వేయడం ఆర్.సి.లో ఏ గడినీ తాకవు. ఇంజిను మార్పు, బాడీ రంగు మార్పు తాకుతాయి. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కదా, అప్పుడు ఆర్.టి.ఓ.లో టెన్షన్ లేకుండా నిలబడాలంటే పాత నాబ్‌నూ, తీసిన ప్రతి నట్టునూ ఒక డబ్బాలో దాచి ఉంచండి.

ఇప్పుడు గేరు నాబ్.

ముందు బండిలో కూర్చుని, ఇంజిను ఆపి, న్యూట్రల్‌లో రాడ్డును అటూ ఇటూ కదపండి. వదులుగా, గమ్యం లేనట్టు ఊగుతోందా? అయితే ఆ తేడా నాబ్‌ది కాదు, కింద గేరుబాక్సుకు కలిపే లింకేజీలో అరిగిన చిన్న తొడుగులైన బుష్‌లది. అవి మార్చకుండా ఎంత అందమైన నాబ్ పెట్టినా దండగే. జె.సి. రోడ్డులో విడిభాగాల షాపులో అడిగితే చాలా తక్కువ ఖర్చుతో అయిపోయే పని ఇది. నాబ్ కంటే ముందు దీన్ని చేయించండి.

రాడ్డును కోసి పొట్టి చేయొచ్చా అని అడిగేవాళ్ళు చాలామంది. లెక్క వేసి చూద్దాం. పివట్ (రాడ్డు ఊగే కీలు) నుంచి నాబ్ వరకు రాడ్డు 300 మిల్లీమీటర్లు అనుకోండి. 240కి తగ్గిస్తే చెయ్యి కదలాల్సిన దూరం అయిదో వంతు తగ్గుతుంది, కానీ నెట్టాల్సిన బలం నాలుగో వంతు పెరుగుతుంది. పాత గేరుబాక్సులో, గేర్లు సాఫీగా కలిసేలా చేసే సింక్రో రింగులు అప్పటికే అరిగి ఉంటాయి. వాటి మీద అంత బలంతో గేరు విసిరితే మిగిలిన ఆయుష్షు కూడా పోతుంది. పైగా కోసిన రాడ్డు మళ్ళీ పెరగదు. వద్దు.

పాత నాబ్‌ను ఎడమవైపు తిప్పి విప్పండి. బిగుసుకుపోయి ఉంటే వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కాసేపు చుట్టి ఉంచండి, పట్టు సడలుతుంది. కటింగ్ ప్లయర్‌తో రాడ్డును పట్టుకుని తిప్పకండి, మరలు, అంటే నాబ్ ఎక్కే గాట్లు, చెడతాయి. నాబ్ వచ్చాక రాడ్డు చివర ఉన్న మరల కొలత తీయాలి. ఈ పాఠం మొత్తంలో జాగ్రత్తగా చేయాల్సిన పని ఇదే. వెర్నియర్ కాలిపర్‌తో మర బయటి వ్యాసం చూడండి. తర్వాత పది మరలు ఎంత పొడవున ఉన్నాయో కొలవండి. పది మరలకు 12.5 మిల్లీమీటర్లు వస్తే పిచ్, అంటే మరకూ మరకూ మధ్య దూరం, 1.25. పది మిల్లీమీటర్లు వస్తే పిచ్ 1. రెండు సంఖ్యలూ కాగితం మీద రాసుకోండి. ఆ మరకు సరిపడే నట్టు ఒకటి ఎస్.పి. రోడ్డులో కొని రాడ్డు మీద చేత్తో ఎక్కించి చూడండి. చివరిదాకా సాఫీగా ఎక్కితేనే మీ కొలత సరైనది. మధ్యలో పట్టేస్తే మళ్ళీ కొలవండి.

చెక్క విషయానికొస్తే, బెంగళూరులో ఉన్నందుకు మనకు ఒక అదృష్టం ఉంది. మైసూరు రోడ్డులో సుమారు 60 కిలోమీటర్లు వెళ్తే చెన్నపట్న. అక్కడి లక్క బొమ్మలకు వాడే చెట్టూ, అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు చెట్టూ ఒకటే. తెల్లగా, మెత్తగా, పోగు సన్నగా ఉంటుంది. లేత్ మీద వెన్నలా తెగుతుంది. చెన్నపట్న వర్క్‌షాపుల్లో అడిగితే ఆరిన చెక్క ముక్కలు ఇస్తారు. పచ్చి చెక్క తీసుకోకండి, బండిలో ఎండకు పగులుతుంది. 60 మిల్లీమీటర్ల చదరం, 80 పొడవు ఉన్న ముక్క చాలు. టేకు వాడినా బాగుంటుంది, కాస్త బరువు కూడా ఎక్కువ. నాకు మాత్రం అంకుడే ఇష్టం, లక్క దాని మీద పట్టినట్టు మరే చెక్క మీదా పట్టదు.

అంకుడు తేలిక కాబట్టి లోపల ఇత్తడి పెట్టాలి. మరలు కూడా ఇత్తడిలోనే ఉండాలి, చెక్కలో నేరుగా మర వేస్తే నాలుగు నెలలు నిలవదు. కలాసిపాళ్యలో లేత్ షాపులు చాలా ఉన్నాయి. నేను వెళ్ళే షాపాయన మదనపల్లె వైపు మనిషి. కాగితం చూపించి, “అన్నా, 16 మిల్లీమీటర్ల ఇత్తడి రాడ్డు, 35 పొడవు, లోపల ఈ మర కావాలి” అంటే, “నట్టు తెచ్చినావా? ఉంటే ఇయ్యి, ఉత్త కాగితాన్ని నమ్మి ట్యాప్ వెయ్యను” అన్నాడు. ట్యాప్ అంటే లోపలి మర కోసే పనిముట్టు. ఆయన మాట నిజం. నట్టు పట్టుకెళ్ళండి. ఇత్తడి బయటివైపు గరుకు గీతలు కొట్టమని కూడా చెప్పండి, అప్పుడే జిగురు పట్టుకుంటుంది. లోపల మర పొడవు గేరు రాడ్డు వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి.

ఇక వరస చాలా ముఖ్యం. ముందు చెక్కలో 16 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, రెండు గొట్టాల ఎపాక్సీ జిగురుతో ఇత్తడిని అందులో కూర్చోబెట్టి, ఒక రోజంతా వదిలేయాలి. ఆ తర్వాతే చెక్కను గుండ్రం చేయాలి. చాలామంది ముందు అందంగా గుండ్రం చేసి, తర్వాత రంధ్రం వేస్తారు. రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయినా నాబ్ రాడ్డు మీద వంకరగా కూర్చుంటుంది, గేరు వేసిన ప్రతిసారీ అరచేతికి తెలుస్తుంది.

జిగురు ఆరాక, అదే మర ఉన్న పొడుగు బోల్టును ఇత్తడిలోకి ఎక్కించి, నట్టుతో లాక్ చేసి, ఆ బోల్టును డ్రిల్ మిషన్ చక్‌లో (బిట్టును పట్టే నోట్లో) పట్టించండి. డ్రిల్‌ను బల్లకు క్లాంపులతో గట్టిగా బిగిస్తే అదే మీ లేత్. చదరపు ముక్క మూలల్ని ముందే రంపంతో కోసేయండి. తర్వాత నెమ్మది వేగంలో తిప్పుతూ ఆకురాయితో, ఆ పైన 80, 150, 320 నంబరు ఎమరీ పేపర్లతో రూపు తీయండి. 45 నుంచి 50 మిల్లీమీటర్ల వ్యాసం చాలామంది చేతికి సరిపోతుంది. మధ్యమధ్యలో ఆపి, కళ్ళు మూసుకుని పట్టుకుని చూడండి. కళ్ళకు రక్షణ కళ్ళజోడు తప్పనిసరి. చేతి తొడుగులు మాత్రం వేసుకోకండి, తిరిగే మిషన్ దగ్గర అవి చేతిని లోపలికి లాగేస్తాయి. ఉంగరం, పొడుగు చేతుల చొక్కా కూడా వద్దు.

లక్క వేయడం చూస్తేనే అర్థమవుతుంది, అందుకే ఒకసారి చెన్నపట్న వెళ్ళి నిలబడి చూడమంటాను. తిరుగుతున్న చెక్కకు పనివాడు లక్క కడ్డీని ఆనిస్తాడు. రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టీలా చుట్టుకుంటుంది. ముందు మసకగా, గీతలు గీతలుగా ఉంటుంది. అప్పుడు మడిచిన మొగలి ఆకు తీసుకుని దాని మీద నొక్కి పట్టి పక్కకు జరుపుతాడు. ఆకు దాటిన చోటల్లా రంగు అద్దంలా తేలిపోతుంది. ఇంట్లో డ్రిల్ మీద కూడా ఇది చేయొచ్చు. కడ్డీని గట్టిగా అదమండి, వేగం కాస్త పెంచండి. లక్క కరగకపోతే వేగం చాలడం లేదన్నమాట. పసుపుపచ్చ, ఎరుపు కడ్డీలు తెచ్చుకుంటే 800 లోపలి బూడిదరంగుకు ప్రాణం వస్తుంది. లక్క వేడికి మెత్తబడుతుందని గుర్తుంచుకోండి. బండిని ఎండలో ఆపితే నాబ్ మీద తెల్లటి చేతిరుమాలు వేయండి.

బిగించేటప్పుడు రాడ్డు మీద ముందు లాక్ నట్టు, తర్వాత నాబ్. గేర్ల పటం నిటారుగా వచ్చేలా నాబ్‌ను ఆపి, నట్టును కిందనుంచి పైకి బిగించండి. పాత నాబ్ మీదున్న పటాన్నే పైన చెక్కండి, లేదా చిన్న ఇత్తడి బిళ్ళ మీద చెక్కించి అతికించండి. బండి మీకు అలవాటే అయినా, అత్యవసరంగా ఇంకెవరో నడపాల్సి వస్తే వాళ్ళకు రివర్స్ ఎటో తెలియాలి.

ఇక చక్రాలు.

రంగు కంటే ముందు టైరు పక్కన రాసి ఉన్న అంకెలు చదవండి. 800కు 145/70 ఆర్12. షాపులో అది లేదని 145/80 ఆర్12 అంటగడతారు. “సేమ్ సైజు సార్, అదే పన్నెండు” అంటారు. కాదు. 145 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 12 రిమ్ము వ్యాసం అంగుళాల్లో. టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతమా, 80 శాతమా అన్నదే రెండో అంకె. మొదటిదాని మొత్తం వ్యాసం సుమారు 508 మిల్లీమీటర్లు, రెండోది 537. అంటే మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి 63 మీద పోతూ ఉంటుంది, పెద్ద టైరు స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకునే ప్రమాదమూ ఉంది.

రిమ్ములకు రంగు వేయడం ఒక్కో చక్రానికి ఒక్కో రోజు పని. ఒకేసారి నాలుగూ విప్పకండి. స్టెప్నీకి ముందు వేసి, ఆరాక దాన్ని తగిలించి, వచ్చిన చక్రానికి వేయండి, అలా బండి ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో జిడ్డు తుడవండి. తుప్పును వైరు బ్రష్‌తో గీకండి. గీకేటప్పుడు నట్టు రంధ్రాల చుట్టూ పగుళ్ళు ఉన్నాయేమో చూడండి, వెంట్రుకంత పగులు కనిపించినా ఆ రిమ్మును పక్కన పడేయండి. బ్యాలెన్సింగ్ కోసం అంటించిన సీసం ముక్కల్ని కదపకండి. టైరు మీద రంగు పడకుండా పాత శుభలేఖల్ని కోసి, టైరుకూ రిమ్ముకూ మధ్య సందులో వరసగా గుచ్చండి. మందమైన అట్ట కాబట్టి చక్కగా నిలబడతాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. నట్టు కూర్చునే కోసుగా ఉన్న గుంటలకూ, చక్రం వెనక, దాన్ని బిగించే హబ్‌కు ఆనే సమతల భాగానికీ రంగు పడకూడదు. అక్కడ మాస్కింగ్ టేపు వేయండి. రంగు పొర మీద నట్టు బిగిస్తే, బండి నడిచేకొద్దీ ఆ పొర నలిగి అరిగిపోతుంది, బిగువు దానంతటదే తగ్గుతుంది.

ప్రైమర్ ఒక పూత, రంగు మూడు పలచని పూతలు. పూతకూ పూతకూ పావుగంట. ఒకే పూతలో కప్పేయాలని చూస్తే కారుతుంది. బెంగళూరులో జూన్ నుంచి అక్టోబరు వరకు సాయంత్రాలు ఈ పని పెట్టుకోకండి, గాలిలో చెమ్మకు రంగు తెల్లగా మసకబారుతుంది. ఎండ ఉన్న ఉదయం పూట, టెర్రస్ మీద, మాస్కు కట్టుకుని వేయండి. నలుపు అందరూ అడుగుతారు గానీ, వెండి రంగే వేయమంటాను, తుప్పూ పగులూ దాని మీద వెంటనే కనిపిస్తాయి.

ఒక రోజు ఆరాక చక్రం తగిలించి, నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. వంద కిలోమీటర్లు నడిచాక నాలుగు చక్రాలకూ వీల్ స్పానర్ వేసి మళ్ళీ చూడండి. ఏదైనా నట్టు తిరిగితే టేపు సరిగ్గా వేయలేదన్నమాట, విప్పి గుంటలో రంగు గీకేయండి.

వచ్చే పాఠానికి ఇంటిపని: చక్రం ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి, హబ్ మీద ఒక స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) బయటి అంచు నుంచి దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న స్టడ్ లోపలి అంచు వరకు కొలిచి రాసుకోండి. 114.3 మిల్లీమీటర్ల దగ్గర రావాలి. సెకండ్‌హ్యాండ్ అల్లాయ్ వీల్స్ కొనేటప్పుడు ఏం చూడాలో ఆ సంఖ్యతోనే మొదలుపెడదాం.