ఇరవై ఒకటో కంప్యూటర్‌కు సర్వర్ తలుపు తీయకపోతే

చెన్నై జార్జ్ టౌన్‌లో మందుల హోల్‌సేల్ వ్యాపారి అయినా, టి.నగర్‌లో బట్టల కొట్టు యజమాని అయినా ఫోన్‌లో అడిగేది ఒకటే: “సర్వర్ మొరాయిస్తోంది, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే చవకలో పోతుంది?” జవాబు చెప్పేలోపే వాళ్ల కుర్రాడు ర్యామ్ కొనడానికి రిచీ స్ట్రీట్‌కు బయలుదేరి ఉంటాడు. అతన్ని కాసేపు ఆపండి. సర్వర్ అని మీరు పిలుస్తున్న, అందరి బిల్లింగ్ డేటా ఉన్న కంప్యూటర్‌లో విన్‌వర్ (winver) అని కొట్టి, అందులో ఉన్నది ఏ విండోసో చదవండి. ఆ తరవాత, ఇబ్బంది కనబడుతున్న సమయంలోనే, ఎవరెవరు దానికి తగులుకుని ఉన్నారో చూడండి. దయచేసి రీస్టార్ట్ చేయకముందే చూడండి. రీస్టార్ట్ చేస్తే సాక్ష్యం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, అయినా అందరూ మొదట చేసేది అదే.

లక్షణం: ఉదయం బాగుంటుంది, రద్దీ పెరిగాక ఏదో ఒక కౌంటర్‌లో బిల్లింగ్ తెరుచుకోదు

నెమ్మదించడం కాదు, అసలు తెరుచుకోదు. మిగతా కౌంటర్లు హాయిగా నడుస్తుంటాయి. నిన్న మూడో కౌంటర్, ఇవాళ గోడౌన్ కంప్యూటర్. ఎవరో ఒకరు తమది మూసేస్తే ఆగిపోయినది దానంతట అదే పనిచేస్తుంది. సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే అందరికీ బాగవుతుంది, గంటో రెండు గంటలో గడిచాక మళ్లీ మొదలు.

కారణం: ఆ డబ్బాలో ఉన్నది విండోస్ 10 ప్రో లేదా విండోస్ 11 ప్రో. షేర్ చేసిన ఫోల్డర్‌లోకి అది ఒకేసారి 20 కనెక్షన్లకు మించి రానివ్వదు. ఇది చెడిపోవడం కాదు, ఆ ఎడిషన్‌కు పెట్టిన హద్దు. పాత ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో అయితే 10 మాత్రమే.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, దెబ్బ ఎప్పుడూ చివరగా వచ్చినవాడికే తగులుతుంది. రోజుకో కంప్యూటర్ చెడినట్టు కనబడుతుంది కాబట్టి అందరూ ఆ కంప్యూటర్‌నే విప్పుతారు. హద్దు నిండిందని విండోస్ చెప్పే మాటను చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు మింగేసి, డేటా దారి దొరకలేదని చూపిస్తాయి. దాంతో అనుమానం కేబుల్ మీదికి, కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ మీదికి పోతుంది. కొత్త స్విచ్ బిగించేటప్పుడు అందరి కనెక్షన్లూ తెగి లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, “స్విచ్ మార్చగానే బాగైంది” అంటారు. మర్నాడు మళ్లీ నాకు ఫోన్.

“మాకు ఉన్నవి పద్నాలుగు కౌంటర్లే కదా” అనేవారే ఎక్కువ. సర్వర్‌కు తగిలించి షేర్ చేసిన ప్రింటర్ వాడే ప్రతి కంప్యూటర్, స్కాన్ చేసిన కాగితాలను ఫోల్డర్‌లో పడేసే జిరాక్స్ యంత్రం, యజమాని ల్యాప్‌టాప్, ఆడిటర్ గారు వచ్చినప్పుడు తగిలించే మరొకటి, అన్నీ ఆ 20 లోనివే. సర్వర్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్ సెషన్ (net session) అని కొట్టండి, అప్పుడు తగులుకుని ఉన్న కనెక్షన్ల (సెషన్ల) జాబితా వస్తుంది. నెట్ కాన్ఫిగ్ సర్వర్ (net config server) అని కొడితే గరిష్ఠ సంఖ్య కనబడుతుంది. అక్కడ 20 అని, జాబితాలో కూడా ఇంచుమించు అన్నే ఉంటే ఇక వెతకనక్కర్లేదు.

పరిష్కారం, ఈ పూటకు: ప్రింటర్‌ను నేరుగా నెట్‌వర్క్‌కు కలపండి, స్కాన్‌ల ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌కు మార్చండి. రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగుల్లో, అంకె మార్చితే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, హద్దు పెరగదు. మామూలుగా 15 నిమిషాలకు తెగే ఖాళీ సెషన్లను ఇంకా ముందే తెంచేలా పెట్టుకోవచ్చు గానీ, ఫైలు తెరిచి పట్టుకున్న బిల్లింగ్ కౌంటర్‌కు అది వర్తించదు.

పరిష్కారం, శాశ్వతంగా: ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాలి. ఏది అన్నది మీ సాఫ్ట్‌వేర్ డేటాను ఎలా దాస్తుందో దాన్నిబట్టి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ లేదా మరియాడీబీ అనే ఉచిత డేటాబేస్‌లతో నడిచేదైతే ఆలోచించకుండా డెబియన్ అనే ఉచిత లినక్స్ వేయండి, ఎంతమంది వచ్చినా లైసెన్స్ రుసుము లేదు. మరో లినక్స్ ఉబుంటు 24.04 అయినా మంచిదే, 2029 దాకా ఉచిత అప్‌డేట్లు ఉన్నాయి. డేటా అంతా షేర్ ఫోల్డర్‌లోని ఫైళ్లే అయితే డెబియన్ మీద సాంబా (లినక్స్ ఫోల్డర్లను విండోస్ కంప్యూటర్లకు షేర్ చేసే సాఫ్ట్‌వేర్) సరిపోతుంది. కానీ ఆ డేటా ఫైళ్లకు ఆప్‌లాక్‌లు (ఫైలును తన దగ్గరే ఉంచుకోవడానికి కౌంటర్‌కు ఇచ్చే అనుమతి) తప్పనిసరిగా ఆపాలి. లేకపోతే ఒక్కో కౌంటర్ ఫైలు ముక్కను తన దగ్గరే ఉంచుకుని రాస్తుంది, ఏదో ఒక రోజు ఇండెక్స్ పాడవుతుంది. విండోస్ తప్ప మరొకటి కుదరదని సాఫ్ట్‌వేర్ వాళ్లు అంటే, 25 మంది లోపు సంస్థలకు కొత్త సర్వర్‌తో పాటు వచ్చే విండోస్ సర్వర్ ఎసెన్షియల్స్ చవక. దానికి విడిగా క్యాల్, అంటే సర్వర్‌ను వాడుకునే లైసెన్స్, కొనక్కర్లేదు. స్టాండర్డ్ తీసుకుంటే ప్రతి మనిషికో, పరికరానికో క్యాల్ ఉండాలి. కొటేషన్‌లో ఆ వరుస లేకపోతే అడగండి, తరవాత గొడవ పడకండి.

లినక్స్‌ను నెలకోసారి చూసి, బ్యాకప్ తిరిగి ఎక్కుతుందో లేదో పరీక్షించే మనిషి మీకు ఉన్నాడా? లేకపోతే లైసెన్స్‌లో మిగిలింది సర్వీసు బిల్లులో పోతుంది.

లక్షణం: పాత బిల్లులు తెరుచుకుంటాయి, కొత్తది సేవ్ కాదు

ఇది ఆపరేటింగ్ సిస్టమ్ గొడవ కాదు. మైక్రోసాఫ్ట్ ఉచిత డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో 2008 ఆర్2 వెర్షన్ నుంచి 2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీయే హద్దు, అది నిండితే కొత్తది రాయదు. లినక్స్‌లో వేసినా అంతే. పాత సంవత్సరాల లెక్కలు వేరే డేటాబేస్‌కు మార్చండి. ఎక్స్‌ప్రెస్ తన బఫర్‌కు (డేటాను తాత్కాలికంగా ఉంచుకునే చోటుకు) సుమారు 1.4 జీబీకి మించి ర్యామ్ వాడుకోదు కాబట్టి, దానికోసం 32 జీబీ కొనడం దండగ. ఎస్‌క్యూఎల్ సర్వర్‌నే లినక్స్‌కు మార్చాలనుకుంటే ఉబుంటు తీసుకోండి, డెబియన్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు లేదు.

లక్షణం: భోజనాల వేళకు సర్వర్ మాయం

నిద్రపోయింది. పవర్ సెట్టింగుల్లో స్లీప్ ఆపండి. దీనికి మనిషిని పిలిపించి డబ్బులిచ్చేవారు ఇంకా ఉన్నారు.

లక్షణం: లినక్స్ సర్వర్‌లో అప్‌డేట్ కొడితే అన్నీ తప్పులే

బహుశా సెంట్‌ఓఎస్ 7 అనే పాత లినక్స్. దాని ఆయువు 2024 జూన్ 30తో తీరింది. డేటా బయటకు తీసి ఆల్మాలినక్స్ 9కి గానీ రాకీ లినక్స్ 9కి గానీ మారండి, రెంటికీ 2032 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి.

యాంటీవైరస్ డేటా ఫోల్డర్‌ను కెలకడం, రెండు కంప్యూటర్లకు ఒకే ఐపీ చిరునామా పడటం, నెట్‌వర్క్ కార్డు పాడవడం కూడా జరుగుతాయి, అరుదుగా. సెషన్ల జాబితా చూశాక కూడా ఏమీ తేలకపోతే అప్పుడు వాటి సంగతి చూడండి.