ప్రయాణానికి ముందు ఆధార్ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

మేడారం జాతరకు గానీ, వేములవాడకు గానీ, కాజీపేటలో రైలెక్కి తిరుపతికి గానీ బయలుదేరే ముందు మన ఇళ్లలో బట్టలతో పాటు ఆధార్ జిరాక్సులు కూడా సర్దుకుంటాం. "నాలుగు ఎక్కువే తీయించు, ఎక్కడ అడుగుతరో ఏమో" అని పెద్దవాళ్లు గుర్తుచేస్తారు. ఆ నాలుగింటిలో ఎన్ని ఎవరి దగ్గర ఉండిపోయాయో తిరిగి వచ్చాక ఎవరూ లెక్క చూసుకోరు. ఒక యాత్రాస్థలంలోని లాడ్జిలో గది అద్దె లెక్క వేసి నా చేతిలో పెట్టిన చిత్తుకాగితాన్ని తిప్పి చూస్తే, వెనుక ఒక పెద్దావిడ ఫొటో, పుట్టిన తేదీ, కరీంనగర్ జిల్లాలోని ఊరి పేరు, వాటి కింద 12 అంకెలూ స్పష్టంగా కనిపించాయి. ఆమె అక్కడ ఒకటి రెండు రాత్రులు ఉండి వెళ్లిపోయి ఉంటుంది, ఆమె వివరాలు మాత్రం ఆ బల్ల మీద చిత్తుకాగితాలుగా మిగిలాయి. నన్ను ఆ కాగితం చాలా రోజులు బాధపెట్టింది.

లాడ్జి వారు బస చేసేవారి గుర్తింపు అడగడం న్యాయమే. అయితే ఓటరు కార్డుతోనో, డ్రైవింగ్ లైసెన్సుతోనో పని జరిగేచోట ఆధార్ బయటికి తీయనవసరం లేదు. ఆధారే కావాలని పట్టుబడితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో కార్డు డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు మాస్క్‌డ్ అనే గడిలో టిక్ పెడితే, మొదటి 8 అంకెలు కనబడకుండా చివరి 4 అంకెలతో మాత్రమే కాపీ వస్తుంది. ఏ జిరాక్స్ ఇచ్చినా దాని మీద, ఫొటోనూ అక్షరాలనూ తాకేలా అడ్డంగా, "ఫలానా లాడ్జిలో బస కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం చేయాలి. అలా రాసిన కాగితాన్ని మరో పనికి వాడుకోవడం కష్టం.

జిరాక్స్ తీయించేచోట మరింత జాగ్రత్త అవసరం. కార్డును దుకాణం వాళ్ల వాట్సాప్‌కు పంపి ప్రింటు తీయించుకోవడం మనకు అలవాటైపోయింది. నెట్ సెంటర్లలో డౌన్‌లోడ్ ఫోల్డర్ తెరిచి చూస్తే, మనకు ముందు వచ్చినవారి కార్డులన్నీ వరుసగా కనిపించడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అనుకోవద్దు, పేరులోని మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్. కాబట్టి ప్రింటు చేతికి రాగానే, మీ ముందే ఫైలు తొలగించమని, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయమని అడగాలి. అడగడానికి మొహమాటపడవద్దు.

2023 డిసెంబరు 9న తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి మన ఆడవాళ్లు రోజూ కండక్టరుకు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తున్నారు. చాలామంది ఆ కార్డును ఫోన్ పౌచ్‌లోనే పెట్టుకుంటారు. హన్మకొండ బస్టాండు రద్దీలో ఆ పౌచ్ పోతే ఆధార్ నంబరూ, ఓటీపీ వచ్చే ఫోనూ ఒకే మనిషి చేతిలో పడతాయి. రెండింటినీ వేర్వేరు చోట్ల పెట్టుకోవాలి, వీలైతే బస్సుకు ఓటరు కార్డు వాడాలి. రైలులో అయితే డిజీలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో జారీ అయిన ఆధార్ లేదా డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుంది, మనంతట మనం అందులో ఎక్కించుకున్న ఫొటో చెల్లదు.

వేలిముద్ర సంగతి మరీ ముఖ్యం. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో, భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి, ఇతరుల పేర్ల మీద సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన వ్యవహారం బయటపడింది. ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే ఓటీపీ లేకుండానే బ్యాంకు ఖాతాలో డబ్బు తీయగల పద్ధతి కూడా ఉంది గనుక, బయలుదేరే ముందు ఆధార్ వెబ్‌సైట్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవడం మంచిది. లాక్ ఉండగా రేషన్ దుకాణంలో వేలిముద్ర పడదు, తిరిగి వచ్చాక తీసేయవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పని పిల్లలే చేసిపెట్టాలి.

ప్రయాణంలో ఉండగానే టికెట్ ఫొటోను స్టేటస్‌లో పెట్టవద్దు. టికెట్ మీద ఉండే 10 అంకెల పీఎన్ఆర్ నంబరుతో ఎవరైనా మీ రైలు, తేదీ తెలుసుకోగలరు, ఇంటికి తాళం ఉన్న సంగతి కూడా దాంతో తెలిసిపోతుంది.

జాతరలో ఫోన్ పోతే మొదట సిమ్ బ్లాక్ చేయించి, పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఆ ఫిర్యాదుతో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైట్‌లో ఫోన్‌నే పనిచేయకుండా ఆపించవచ్చు. ఖాతాలో డబ్బు పోయిందని తెలిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఫోన్‌ను ఆపించడానికి ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే 15 అంకెల ఐఎమ్ఈఐ నంబరు కావాలి, అది *#06# నొక్కితే తెరపై కనిపిస్తుంది. ఫోన్ పోయాక దాన్ని చూసుకోలేం కాబట్టి, ఆ నంబరునూ బ్యాంకు హెల్ప్‌లైన్ నంబరునూ ఒక చీటీ మీద రాసి, ఇంట్లో ఉండేవారికి ఇచ్చి బయలుదేరాలి.