ఇంటి చదువు – 9వ పాఠం: ఫారం పిల్లల చేతికి

పోయిన పాఠంలో ఒక్క వాక్యం రాసి వదిలేశాను, పదో తరగతి సబ్జెక్టులు పిల్లలే ఎంచుకోవాలని. దాని దెబ్బకు వారం రోజులుగా ఫోన్లే ఫోన్లు. బెంగళూరు మారతహళ్లి నుంచి ఒకావిడకు ఏడుపొక్కటే తక్కువ. వాళ్లబ్బాయి పెయింటింగ్, హోమ్ సైన్స్, డేటా ఎంట్రీ, ఇంగ్లీషు, తెలుగు రాసిచ్చాడట. లెక్కలేవిరా అంటే "నన్నే కదా ఎంచుకోమన్నారు" అన్నాడట.

తప్పు నాదే, సగం చెప్పి ఊరుకున్నాను. ఎన్‌ఐఓఎస్‌లో, అంటే మన పిల్లలు ఇంట్లోనే చదువుకుని పదో తరగతి రాసే జాతీయ ఓపెన్ స్కూల్లో, ఐదు సబ్జెక్టులు పాసై, అందులో కనీసం ఒక భాష ఉంటే సర్టిఫికెట్ ఇస్తారు. పైన ఇంకో రెండు తీసుకోవచ్చు. కాబట్టి గొడవ పడకండి. వాడి ఐదూ వాడివే, లెక్కలు ఆరోదిగా చేర్చండి. అందులో తప్పినా సర్టిఫికెట్ ఆగదు. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు నడుస్తుంది, తొమ్మిది సార్లు పరీక్ష రాయొచ్చు. నేనైతే అన్నీ ఒకేసారి రాయించను. మా అమ్మాయి ఏప్రిల్‌లో రెండు, అక్టోబరులో మూడు రాసింది. ఇంకా పదో తరగతేనా అని చుట్టాలు అన్నారు. అననివ్వండి.

ఇక ఈసారి పని ఆ ఓపెన్ స్కూలు దరఖాస్తు. 14 ఏళ్లు నిండిన పిల్లలు దీన్ని తామే నింపాలి. మీరు పక్కన కూర్చోండి, మౌస్ మాత్రం ముట్టుకోకండి. ఫొటో, సంతకం ఎక్కించడం వాళ్లకు మనకంటే బాగా వచ్చు, అది చెప్పను.

నాకు ఒళ్లు మండేది పేరు గడి దగ్గర. కొండూరి సాయికిరణ్ అనే పిల్లాడు ఉన్నాడనుకోండి. పుట్టిన సర్టిఫికెట్‌లో ఉత్త సాయికిరణ్. ఆధార్‌లో కొండూరి సాయికిరణ్. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలోకి పోయి సాయికిరణ్ కొండూరి. రెండేళ్లు చదివిన బెంగళూరు స్కూలు టీసీలో ఇనిషియల్ చివరికి చేరి సాయికిరణ్ కె. పైగా ఇంగ్లీషు స్పెల్లింగులో సాయి చివర ఒకచోట ఐ, ఒకచోట వై. మనకు వీళ్లంతా ఒక్కడే, కంప్యూటరుకు నలుగురు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పడిన పేరే కాలేజీకి, ఉద్యోగానికి, వీసాకు వెంట వస్తుంది. "తర్వాత మార్చుకుందాంలే" అన్నారంటే నాకు బీపీ పెరుగుతుంది. మా అమ్మాయి ఇంటిపేరును నేనే తొందరలో పొడి అక్షరంగా కొట్టేశాను. ఆ అక్షరాన్ని విడదీసి పూర్తి పేరు చేయించడానికి ఎనిమిది నెలలు తిరిగాం. అఫిడవిట్లు, జిరాక్సులు, "మేడమ్, నాళె బన్ని" (రేపు రండి) అనే కౌంటర్లు. అందుకే మౌస్ ముట్టుకోవద్దంటున్నాను.

ముందు ఏ పేరు కావాలో పిల్లాణ్ణే తేల్చుకోనివ్వండి. ఆ పేరుకు ఆధార్‌ను సరిచేయించాకే దరఖాస్తు తెరవాలి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే, సరదాకు వాడేయకండి. 15 ఏళ్లు నిండాక వేలిముద్రలు, ఫొటో ఎలాగూ కొత్తగా ఇవ్వాలి. ఆ వయసు దగ్గర్లో ఉంటే రెండూ ఒకే ట్రిప్పులో అయిపోతాయి.

టీఎంఏల గురించి, అంటే ఇంట్లో రాసి పంపే అసైన్‌మెంట్ల గురించి, ఒక్క ముక్క. నూటికి ఇరవై మార్కులు ఆ అసైన్‌మెంట్లవే కదా అని మీరు కూర్చుని రాయకండి. మీది గుండ్రటి రాత, వాడిది కోడి కెలికినట్టు ఉంటుంది. ఇట్టే తెలిసిపోతుంది.

అభ్యాసం: పిల్లాడు తన కాగితాలన్నీ ముందేసుకుని, ప్రతి కాగితంలోని పేరును గళ్ల పుస్తకంలో గడికో ఇంగ్లీషు అక్షరం చొప్పున ఒకదాని కింద ఒకటి రాయాలి. తేడా వచ్చిన గడి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాలి. ఆ తర్వాత బ్యాంకుకు వెళ్లి తన పేరున ఖాతా ఫారం తనే అడిగి, తనే నింపాలి. పదేళ్లు నిండిన పిల్లలకు సొంతంగా నడుపుకునే ఖాతా బ్యాంకులు ఇవ్వొచ్చు. సంతకానికి పిలిచేదాకా మీరు బయట కాఫీ తాగుతూ ఉండండి. కౌంటర్లో కన్నడంలో అడిగితే కన్నడంలోనే చెప్పాలి. రానివాళ్లు ముందురోజు పక్కింట్లో నాలుగు ముక్కలు నేర్చుకోండి, "నన్న హెసరు" (నా పేరు) దగ్గర మొదలుపెట్టి.